రెండెముకలు పైకి

ఆస్పత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గదులు తుడిచే ఆవిడ దాకా అందరికీ అతను పెద్దమనిషే. ఆ బిరుదు ఇచ్చింది బయట వరసలో కూర్చునే ఆడవాళ్ళు. గుండె గ్రాఫు తీయించుకోమని డాక్టరు చీటీ రాసిస్తే, వాళ్ళు ముందు తలుపు సందులోంచి తొంగిచూసి, "ఆ పెద్దమనిషేనా లోపల? ఇంకెవరన్నా అయితే రేపొస్తాం" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డ రోజు అతనికి మధ్యాహ్నం భోజనం ఇంకాస్త రుచిగా ఉండేది.

సోమవారం పొద్దున బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి, తెర ఇటూ అటూ ఒకసారి లాగి చూసుకుని తలుపు తీసేసరికి, బయట బెంచీ మీద మూడో మనిషి వాళ్ళ వదిన. పక్కన అన్నయ్య, చేతిలో చీటీ పట్టుకుని.

"ఏంటొదినా, చెప్పా పెట్టకుండా వచ్చేశావు?"

"నీ దగ్గరికి రావాలన్నా కబురు పెట్టాలా? ఇస్త్రీ చెయ్యలేకపోతున్నా మరిదీ. ఎడం భుజం లాగేస్తోంది, దవడ కూడా. మేడమెట్లు పదెక్కితే పరుగు పందెం గెలిచినట్టు రొప్పుతున్నా. బహుమతి మాత్రం ఎవరూ ఇవ్వట్లేదు."

"తెల్లారుజామున వాంతయింది కూడా. ఒళ్ళంతా చెమటలు," అన్నాడు అన్నయ్య. "అడిగితే తప్ప ఏదీ చెప్పదు."

వదినది ఇస్త్రీ కొట్టు. పొద్దున ఎనిమిదింటికి పెట్టె పట్టుకుంటే మళ్ళీ చీకటి పడ్డాకే దించడం. భుజం నొప్పంటే ఆ పెట్టె బరువేననుకున్నారు ముగ్గురూ. పెట్టె తోసేది కుడిచేత్తో. నొప్పి ఎడం పక్కన. ఆ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

వదినని బల్ల మీద పడుకోబెట్టి రెండు మణికట్లకీ రెండు చీలమండలకీ క్లిప్పులు తగిలించాడు. ఇక ఛాతీ మీద ఆరు రబ్బరు బుడ్డీలు మిగిలాయి. నొక్కి వదిలితే చర్మానికి అతుక్కుపోయే రకం అవి.

మగవాళ్ళకైతే ఈ పని అతను చేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. మెడ కింద గుంటలో వేలు పెట్టి, కిందికి జారి, గట్టిగా తగిలే గుబ్బ దగ్గర ఆగి, అక్కణ్నుంచి పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెడతాడు. నాలుగో సందులో మొదటి రెండు, అయిదో సందు వెంట పక్కకి మిగతావి. వెంట్రుకవాసి తేడా రాదు. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్కంతా గాలికి పోయేది. మెడ దాకా దుప్పటి కప్పి, లోపల గుండీలు వాళ్ళనే వదులు చేసుకోమని, మొహం కిటికీ వైపు తిప్పేసుకుని, పైనుంచి చెయ్యి దూర్చి తడుముకుంటూ అంటించేవాడు. చివరి మూడూ రొమ్ము కింద అంచున పడాలి. అవి రెండెముకలు పైకి పడేవి. అబద్ధమెందుకు, అతనికి తెలియక కాదు. పని నేర్పినాయన చెప్పాడు, గోడ మీద బొమ్మ కూడా ఉంది. రెండెముకలకే గుండె ఎక్కడికి పోతుందిలే, పరాయి ఆడమనిషి మానం ముఖ్యం గానీ, అనుకున్నాడు. అలా అనుకుని ఇరవై రెండేళ్ళయింది.

వదిన విషయంలో ఇంకాస్త పైకే పడ్డాయి. వదినంటే అతనికి అమ్మ లెక్క. ఆ లెక్కన మొహం కూడా ఇంకాస్త ఎక్కువే తిప్పుకున్నాడు.

"మరిదీ, ఇదిగో ఇక్కడ, కింద..." అని ఏదో అనబోయింది వదిన.

"కదలకొదినా, గీత వణుకుతుంది," అన్నాడు కిటికీతో.

వదిన ఊరుకుంది. మిషను కిర్రుమంటూ గళ్ళ కాగితం కక్కింది.

పెద్ద డాక్టరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కాగితం ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు. ఛాతీ ముందు వైపు గీతలు లేవాల్సినంత లేవలేదు. "ఈ గదిలో ఆడవాళ్ళ గ్రాఫులన్నీ ఇంతే కదయ్యా," అన్నాడు. "కొత్తల్లో కంగారుపడేవాణ్ణి. ఇప్పుడు పట్టించుకోవడం మానేశాను. గ్యాసమ్మా ఇది. వేళకి తిను. పరగడుపున ఈ బిళ్ళ వేసుకో."

ఆయన అలవాటూ ఇతని మర్యాదా కలిసి ఎన్నాళ్ళుగానో ఒకదాని తప్పు ఒకటి కప్పుకుంటూ కాపురం చేస్తున్నాయి. ఇద్దరికీ అది తెలియదు. తెలియకపోవడంలో ఉన్న సుఖం ఇంతా అంతా కాదు.

"గ్యాసేనంట. నేనే ఒక పొయ్యి వెలిగించుకోవచ్చు," అని నవ్వుతూ వెళ్ళిపోయింది వదిన. మెట్లు దిగుతూ మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగింది. అది అతను చూశాడు. బెంచీ మీద తర్వాతి మనిషి పిలవడంతో లోపలికొచ్చేశాడు.

బుధవారం మధ్యాహ్నం అన్నయ్య వదినని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చాడు. వదిన మొహం పాలిపోయింది, పెదాలు తెల్లబడ్డాయి, నుదుటి మీద చెమట కారుతోంది. జోకులేమీ లేవు. పెద్ద డాక్టరు భోజనానికి వెళ్ళాడు. ఉన్నది పదిహేను రోజుల క్రితం చేరిన కొత్త డాక్టరమ్మ.

పెద్దమనిషి ఒక్క అంగలో తెర లాగి, దుప్పటి అందుకున్నాడు.

"ఆగండి, నేను పెడతాను," అంది డాక్టరమ్మ. "మీరు మిషను చూసుకోండి."

ఆమె దుప్పటి నడుము దాకానే కప్పింది. "అమ్మా, మీ రొమ్ము కొంచెం పైకెత్తి కింద ఇవి పెట్టాలి. చేతి వెనకవైపుతో ఎత్తుతాను. సరేనా?"

"పెట్టు తల్లీ," అంది వదిన కళ్ళు మూసుకునే.

అంతే. అర నిమిషం కూడా పట్టలేదు. ఆమె వేళ్ళు ఎముకలు లెక్కపెట్టుకుంటూ దిగడం, అయిదో సందు దగ్గర ఆగడం, పక్కకి వరసగా మూడు పెట్టడం, మళ్ళీ దుప్పటి పైదాకా లాగడం. పెద్దమనిషి ఇరవై రెండేళ్ళుగా తప్పించుకు తిరిగిన పని అది.

కాగితం రావడం మొదలైంది. ఆ గీతలు చదవడానికి అతనికి డాక్టరు చదువు అక్కర్లేదు. శిఖరం తర్వాత కిందికి దిగాల్సిన గీత దిగకుండా పైనే ఉండిపోయింది, ఒక దాంట్లో కాదు, వరసగా నాలుగింటిలో.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. బిళ్ళ ఒకటి నోట్లో పెట్టి, "మింగొద్దు, నమలండి," అంది వదినతో. నర్సు చేత ఇంకో మందు తెప్పించింది. పెద్దాస్పత్రికి ఫోను చేస్తూనే అన్నయ్యకి చెప్పింది. "గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ కట్టి దారి మూసుకుపోయింది. ఆ ముక్కకి రక్తం అందక కండరం చచ్చిపోతూ ఉంటుంది, నిమిషం నిమిషానికీ. అక్కడ మణికట్టు దగ్గర్నుంచి సన్నని తీగ లోపలికి పంపి దారి తెరిచి, మళ్ళీ మూసుకోకుండా స్టెంటని చిన్న జాలీ గొట్టం పెడతారు. మీరు కూడా అంబులెన్సు ఎక్కండి."

"గ్యాసన్నారే?" అన్నాడు అన్నయ్య. కోపంగా కాదు, దారి తప్పినవాడు అడిగినట్టు.

అంబులెన్సు వెళ్ళిపోయాక డాక్టరమ్మ సోమవారం కాగితం తెప్పించి, రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. చాలాసేపు చూసింది.

"ఇది మీరే తీశారా?"

"నేనేనండీ."

"చివరి మూడూ ఎక్కడ పెట్టారు?"

చెప్పడానికి నాలుగు మాటలు చాలు. అతని నాలుక ఆ నాలుగింటినీ వదిలేసి వేరే రెండు ఏరుకుంది.

"పెట్టాల్సిన చోటేనండీ."

ఆమె అతని మొహంలోకి చూసి తలాడించింది. నమ్మి ఆడించిందో నమ్మక ఆడించిందో అతనికి తెలియలేదు. ఆ రెండు మాటలూ అన్నం మెతుకు అడ్డం పడ్డట్టు సాయంత్రం దాకా గొంతులోనే ఉండిపోయాయి.

గురువారం పొద్దున పెద్ద డాక్టరు తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "చూడయ్యా, మీ వదినకే ఇలా కావడం నీకెంత బాధో నాకు తెలుసు. ఆ మిషను వైర్లు పాతబడ్డాయి. మార్చమని నేను ఎప్పట్నుంచో రాస్తూనే ఉన్నాను. గీత సరిగ్గా పడలేదంటే వైరు తప్పు. నీదీ కాదు, నాదీ కాదు. ఎవరన్నా అడిగితే ఆ మాట చెప్పు."

వైర్లు పోయిన నెలే మార్చారు. మార్చింది అతనే. "అలాగేనండీ," అన్నాడు. బయటికొచ్చి వరండాలో నిలబడ్డాక, ఆ వైర్లు తన చేత్తోనే తుడిచి చుట్టిపెట్టిన సంగతి గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మండింది పెద్ద డాక్టరు మీద కాదు.

సాయంత్రం పెద్దాస్పత్రి వార్డులో వదిన కూర్చునే ఉంది. మణికట్టుకి గట్టిగా కట్టు. మొహంలోకి కాస్త రంగొచ్చింది. పక్క మంచం వాళ్ళకి అన్నయ్య అప్పటికే కథంతా చెబుతున్నాడు.

"వీడే మా తమ్ముడు. గుండె గ్రాఫులు తీయడంలో వీడి తర్వాతే ఎవరైనా. సోమవారం వీడే తీశాడు, అప్పుడేం లేదు. తప్పంతా నాదే. మంగళవారం దీనికి ఆయాసం వస్తుంటే గ్యాసేలెమ్మని ఆ బిళ్ళే ఇంకోటి మింగించా. ఒక్కరోజు ముందొచ్చి ఉంటే గుండె కండరం ఇంత దెబ్బతినేది కాదంట. ఇప్పుడిక మూడు వంతుల్లో ఒక వంతు బలం పోయినట్టే. బరువులెత్తకూడదు. రక్తం పలచబడే బిళ్ళలు ఒక్క పూట కూడా మానకూడదు. ఇస్త్రీ పెట్టె సంగతి మర్చిపోవాల్సిందేనంట." అని కళ్ళు తుడుచుకున్నాడు. "నావల్లే."

పెద్దమనిషి అన్నయ్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసి ఎక్కడ పెట్టుకోవాలో తర్వాత తెలియలేదు.

"పోయి మంచినీళ్ళు పట్టుకురా," అంది వదిన మొగుడితో. అతను వెళ్ళేదాకా ఆగి, దిండు సర్దుకుంది. "కూచో మరిదీ. నిలబడితే మెడ నొప్పెడుతోంది నాకు."

కూర్చున్నాడు.

"సోమవారం నీకొకటి చెప్దామనుకున్నా. భుజం, దవడ అవన్నీ పైపైన. అసలుది ఇక్కడ. రొమ్ము కింద, ఎవరో పిడికిలి పెట్టి అదిమినట్టు. మీ అన్నయ్యకి చెబితే హడలిపోతాడని చెప్పలా. నీకు చూపిద్దామనుకున్నా. నువ్వేమో మొహం అటు తిప్పేశావు."

"వదినా, నేను నీ మీద గౌరవంతో..."

"తెలుసులే. విను." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతను తట్టుకోలేకపోయాడు. "యాభై ఎనిమిదేళ్ళదాన్ని. నీకు లాగూ బొత్తాలు కుట్టినదాన్ని. నీ దగ్గర నాకెప్పుడన్నా సిగ్గనిపించిందా? ఆ రోజు అనిపించింది. చూడకూడనిదేదో తెచ్చి నీ బల్ల మీద పెట్టినట్టు. నువ్వంతగా తిప్పుకుంటుంటే ఇంకేం చూపిస్తాను? నోరు మూసుకున్నా."

అతను నేల మీద పలకల గీతలు చూస్తున్నాడు.

"డాక్టరమ్మ కింద పెట్టింది. నువ్వు పైన పెట్టావు. కళ్ళు మూసుకున్నా ఒంటికి తెలుస్తుందిగా."

"అన్నయ్యకి చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? చెప్పాల్సింది నేనా?"

అన్నయ్య నీళ్ళ సీసాతో వస్తున్నాడు. వదిన వెంటనే గొంతు మార్చి, "ఇదిగో, ఈ వార్డులో నర్సులందరి దుస్తులూ ఒట్టి ముడతలే. నాకు చేతులు ఆగట్లేదు," అంది. పక్క మంచం వాళ్ళు నవ్వారు. అతనూ నవ్వబోయాడు గానీ మొహం కలిసిరాలేదు.

శుక్రవారం వరస మొదలవకముందే డాక్టరమ్మ గది తలుపు కొట్టాడు. ఆమె బల్ల మీద గళ్ళ కాగితాల కట్ట ఉంది. అన్నీ ఆడవాళ్ళవి.

"మొన్న మీకు అబద్ధం చెప్పానండీ," అన్నాడు నిలబడే. "పైన పెట్టాను. మా వదినకొక్కదానికే కాదు, అందరికీ. మొదట్నుంచీ."

"ఎంత పైన?"

చొక్కా మీద తన ఛాతీ మీదే వేలు పెట్టి చూపించాడు. వైర్లు కొత్తవనీ, వాటి తప్పేమీ లేదనీ కూడా చెప్పేశాడు.

ఆమె కట్ట అతని వైపు తిప్పింది. "నిన్న నలభై చూశాను. నలభై మందికీ ఒకేచోట ఒకే లోపం ఉండదు కదా. ఇవాళ మీరు రాకపోతే నేనే వచ్చేదాన్ని." పెన్ను అందుకుని, "వచ్చారు, మంచిదే. కానీ దీన్ని నేను పైకి రాయాలి. మీ మీదా, పెద్ద డాక్టరు మీదా. తెలుసుగా?"

"రాయండి."

"ఛాతీ నొప్పి, ఆయాసం, దవడ నొప్పి, ఇలాంటివాటితో వచ్చి గ్యాసని చెప్పించుకుని వెళ్ళిన ఆడవాళ్ళని మళ్ళీ పిలవాలి. ముందు ఈ రెండేళ్ళలో వచ్చినవాళ్ళని. నర్సుకి చెప్తాను, ఫోన్లు చేస్తుంది."

"నేను చేస్తానండీ."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "కారణం కూడా చెప్పాలి. మిషను, వైరు అని కాదు."

"తెలుసండీ."

సాయంత్రం పెద్దాస్పత్రి మెట్ల మీద అన్నయ్యకి చెప్పాడు. తిడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. అన్నయ్య చేతిలో ఉన్న మందుల సంచీని రెండుసార్లు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "మూడు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటుంటే పక్కనే కూచుని విన్నావా?" అన్నాడు. తర్వాత లేచి, "కొన్నాళ్ళు రాకు," అని లోపలికెళ్ళిపోయాడు.

శనివారం గ్రాఫుల గదిలో డాక్టరమ్మా నర్సూ పని చేస్తుంటే, అతను రికార్డుల గదిలో ఒక మూల బల్ల ముందు కూర్చున్నాడు. ముప్పై ఒక్క నంబర్లు. ప్రతి నంబరు పక్కనా ఒక ఆడమనిషి, ఆమె చెప్పుకున్న నొప్పి, కింద పెద్ద డాక్టరు రాసిన ఒకే ఒక్క మాట.

మొదటి ఇద్దరూ ఎత్తలేదు. మూడో ఆవిడ గట్టి మనిషి. అతను చెప్పిందంతా విని, "అయితే నా గుండె బాగుందన్నది నీ దయేనన్నమాట," అంది. "సోమవారం వస్తా. నువ్వు మాత్రం కనపడకు." నాలుగో ఆవిడ ఇంకో రకం. "మళ్ళీ తీస్తారా? నువ్వే తియ్యాలి నాయనా, వేరేవాళ్ళైతే నేను రాను," అంది. అతను కారణం మొదట్నుంచీ మళ్ళీ చెప్పాడు. "ఏమోలే, నాకా లెక్కలు తెలియవు. నువ్వు మాత్రం మంచోడివి," అంది ఆవిడ. మూడో ఆవిడ మాట కంటే ఇదే ఎక్కువ తగిలింది. నలుగురు రామన్నారు, ఏడుగురు వస్తామన్నారు, ఒకాయన తన భార్య గొంతు కూడా వినిపించకుండా ఫోను పెట్టేశాడు.

పదిహేడో నంబరు ఒక అమ్మాయి ఎత్తింది. గొంతు వింటే పాతికేళ్ళుంటాయేమో అనిపించింది. వెనక పసిపిల్ల ఎవరో గిన్నె మీద గరిటెతో కొడుతోంది.

అతను ఆస్పత్రి నుంచి అని చెప్పి, రికార్డులో ఉన్న ఆవిడతో మాట్లాడాలన్నాడు.

"అమ్మ లేదండీ. పోయిన చలికాలంలో పోయింది. నిద్రలోనే. గుండె ఆగిపోయిందన్నారు." గరిటె చప్పుడు ఆగింది, పిల్ల చేతిలోంచి లాక్కున్నట్టుంది. "ఎవరండీ మాట్లాడేది?"

"గుండె గ్రాఫు తీసేవాణ్ణమ్మా."

"అయ్యో, మీరా." ఆ గొంతులో ఒక్కసారిగా ఆప్యాయత వచ్చింది. "అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో మీ గురించి. అసలు వెళ్ళనంది ఆ రోజు, బట్టలు విప్పమంటారని. మేమే బలవంతాన పంపాం. తిరిగొచ్చి, ఆయన ఎంత మర్యాదస్తుడో, కన్నెత్తి కూడా చూడలేదు, అని ఇల్లంతా చెప్పింది. చాలా థాంక్సండీ. ఆ ఒక్కరోజన్నా తను ఇబ్బంది పడలేదు."

ఇరవై రెండేళ్ళు అతను బతికింది ఇలాంటి మాటల మీదే. ఇప్పుడది చెవిలో పడుతుంటే ఫోను దూరంగా జరపాలనిపించింది. సరేనమ్మా, ఊరికే రికార్డు కోసం చేశాను, అని పెట్టేస్తే అయిపోతుంది. పోయినావిడ ఎలాగూ రాదు. ఈ అమ్మాయికి మిగిలిన ఆ కాస్త తృప్తినీ చెడగొట్టడం ఎందుకు? ఆ ఆలోచన ఎంత మర్యాదగా వచ్చి పక్కన కూర్చుందో చూసి అతనికే అసహ్యమేసింది.

"అమ్మా, నువ్వు కాసేపు కూచుంటావా? ఒకటి చెప్పాలి."

చెప్పాడు. ఆ బుడ్డీలు ఎక్కడ పెట్టాలో, తను ఎక్కడ పెట్టాడో చెప్పాడు. సరిగ్గా పెట్టి ఉంటే ఆ రోజు ఏదన్నా కనపడేదో లేదో ఎవరూ చెప్పలేరని, పెట్టలేదన్నది మాత్రం నిజమని చెప్పాడు. క్షమించమని అడగలేదు. ఆ అమ్మాయి మీద ఆ బరువు కూడా పెట్టే హక్కు తనకి లేదనిపించింది.

అవతల పసిపిల్ల ఏదో అడిగితే, "ఉండమ్మా," అంది మెల్లగా.

"ఎందుకు పెట్టలేదు?" అంది చివరికి. "అమ్మ వద్దందా?"

"లేదమ్మా. ఆవిడ ఏమీ అనలేదు. నేను అడగలేదు."

తర్వాత ఆ అమ్మాయి, ఏడుపు ఆపుకుంటున్న గొంతుతో, "మా అమ్మ మీకు గుర్తుందా?" అంది.

ఉందని చెప్పాలని ఎంతో అనిపించింది. రికార్డులో వయసుంది, నొప్పుంది, తేదీ ఉంది. వాటితో ఒక మనిషిని అల్లి చెప్పొచ్చు. కళ్ళు మూసుకుని ఆ తేదీనాటి బల్ల మీద ఆవిడ మొహం కోసం వెతికాడు. మెడ దాకా కప్పిన దుప్పటి కనపడింది. కిటికీ కనపడింది.

"లేదమ్మా," అన్నాడు. "నేను ఆవిడ వైపు చూడలేదు."